దుమ్ము గుంజే మిషన్

మాస్కు ముక్కుకు పెట్టుకునేదని మా ఆయనకు చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టింది. కొండల్ దాన్ని గడ్డానికి పెట్టుకుంటాడు. ఎండ ముదిరితే చెమట కళ్లలోకి కారకుండా నుదుటికి కట్టుకుంటాడు. మొన్నటి ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం కొత్త మాస్కులో నాలుగు మిర్చి బజ్జీలు మూటగట్టి ఇంటికి తెచ్చాడు. నేను నెత్తి కొట్టుకుంటుంటే, చల్లారిపోతాయి తిను అన్నాడు. ఒళ్లు మండిపోయింది కానీ బజ్జీలు వేడిగా ఉన్నాయి, తిన్నాను.

ఇద్దరం ఒకే కార్ఖానాలో పనిచేస్తాం. పాతబస్తీ జహనుమాలో అబ్దుల్ వాహెద్ సాబ్‌ది, బ్రేకు లైనర్ల కార్ఖానా. లారీ చక్రం లోపల రాసుకుని బండిని ఆపే బిళ్లలు ఉంటాయే, అవి. ఆస్‌బెస్టాస్ నారను ఇంకేవో పొడులతో కలిపి, అచ్చుల్లో ఒత్తి, కాల్చి, చివర్లో గ్రైండరు మీద అరగదీస్తారు. ఆ నార పొడిని మా దగ్గర అందరూ మసాలా అంటారు. పేరు వింటే కూరలో వేసేదనుకుంటారు. అరగదీసే పని మా ఆయనది, పంతొమ్మిదేళ్లుగా. నేను వెనక గదిలో ప్యాకింగ్ చేస్తాను. మా గదికి గల్లీ వైపు పెద్ద కిటికీ ఉంది, కూలర్ ఉంది. ఆయనకు ఒక గ్రైండరు, దాని ముందు ఒక స్టూలు, వాటి చుట్టూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తెల్లటి దుమ్ము.

ఆ స్టూలు మీద కొండల్ కంటే ముందు కూర్చున్నది ఆగయ్య మామ. మాకు చుట్టం కాదు, లాల్‌దర్వాజాలో మేం కిరాయికుండే ఇంట్లోనే ముందు గదిలో ఒంటరిగా ఉంటాడు. మా ఆయనకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు గడప దగ్గర్నుంచి వాకిట్లో నల్లా దాకా పోవాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. ఎంత దూరమని, గట్టిగా లెక్కేస్తే పన్నెండు అడుగులు. దవాఖానకు తీసుకుపోయేది నేనే కాబట్టి డాక్టరు చెప్పింది కూడా నేనే విన్నాను. పీల్చిన నార ఊపిరితిత్తుల్లో దిగి ఉండిపోయిందట, అవి గట్టిపడ్డాయట, మందు లేదట. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా ఆయన ఏమన్నాడో తెలుసా.

"మామ బీడీలు తాగుతుండె గదనే."

తను బీడీ ముట్టడు కాబట్టి తనకేమీ కాదన్నమాట. ఆ రోజు నుంచి మొదలైంది నా లొల్లి.

ముందు గాలి పైపు మీద పడ్డాను. సాయంత్రం ఆరు కాగానే మా కార్ఖానాలో మగవాళ్లంతా కంప్రెసరు పైపు పట్టుకుని ఒకరి బట్టల మీది దుమ్ము ఒకరు దులుపుతారు. చంకల కింద పైపు పెట్టి చక్కిలిగింతలు, నవ్వులు, అదో పండగ. ఒంటి మీదున్న దుమ్మంతా లేచి పద్నాలుగు మంది ముక్కుల్లోకి పోతుంది. ఆ తర్వాత గేటు దగ్గర వాహెద్ సాబ్ నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఇంత బెల్లం ముక్క పెడతాడు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందట. వాళ్ల నాయన కాలం నుంచి ఉన్న రివాజు. బేగంబజార్ నుంచి మేలు రకం తెప్పిస్తానని గొప్పగా చెప్తాడు కూడా. తిన్న బెల్లం కడుపులోకి పోతుంది, పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండూ ఎక్కడ కలుస్తాయి సాబ్ అని అడిగాను. మస్తు తెలివిగలదానివి బేటీ అని మెచ్చుకుని నాకింకో ముక్క పెట్టాడు. ఇట్లాంటి వాళ్లతో ఏం మాట్లాడాలి చెప్పండి.

నెల రోజులు కొట్లాడితే మూడు పనులు జరిగాయి. పైపు ఆపించాను. చీపురుతో ఊడ్చడం మాన్పించి, తడి గోనెపట్టాతో తుడిపించాను. పని బట్టలు అక్కడే విప్పి, అక్కడే తడిపి ఉతికేటట్టు చేశాను. మగవాళ్లంతా మా ఆయన్ని చూసి నవ్వారు, ఇంట్లో కూడా గిట్లనేనా అన్నా అని. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు.

అసలు కావలసింది మాత్రం దొరకలేదు. గ్రైండరు మూతి దగ్గరే దుమ్మును పీల్చి, పైపు గుండా మూసిన సంచిలోకి తోసే చిమ్నీ ఒకటి ఉంటుంది. వంటింట్లో పొగకు పెడతారే, అట్లాంటిదే, కాకపోతే బలమైనది. ఫోన్లో వీడియో చూపించాను. వాహెద్ సాబ్ చెడ్డవాడు కాదు, పెట్టనని ఎన్నడూ అనడు. రంజాన్ అయిపోనీ అన్నాడు. అయిపోయింది. మా పిల్ల పెళ్లి కానీ అన్నాడు. అదీ అయిపోయింది. ఏప్రిల్‌లో ఇక తప్పించుకోలేక ఒక మాట ఇచ్చాడు.

"చూడు బేటీ, మన మాలు కొనే పూనా కంపెనోళ్లు గాలి రిపోర్టు అడుగుతున్నరు. వచ్చే నెల ల్యాబోళ్లు వస్తరు. దుమ్ము హద్దు దాటిందని రిపోర్టు వస్తే ఆ వారంలనే చిమ్నీ పెట్టిస్త, నా జబాన్. దాటలేదని వస్తే మాత్రం ఇగ నువ్వు నా దిమాగ్ తినొద్దు. మంజూరేనా?"

మంజూరే అన్నాను. ఎందుకనను? కొండల్ స్టూలు చుట్టూ దుమ్ము కంటికే కనబడుతుంటే, మిషన్‌కు కనబడదా అనుకున్నాను. ఆ రోజు ఇంటికి పోయి నెలల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

మధ్యలో మామిడికాయ తొక్కు పని వచ్చింది. గిర్నీలో ఐదు కిలోల మిరపకాయలు పట్టించి, ఇంట్లో జల్లెడ పట్టేసరికి నాకు దగ్గు పట్టుకుంది. వారం దాటినా తగ్గలేదు. కారం ఘాటుకు వచ్చిన దగ్గేనని చెప్పినా మా ఆయన మొహం అదోలా పెట్టి చూశాడు. దవాఖానకు పోదాం పా అని రెండుసార్లు అన్నాడు. ముందు నువ్వు మాస్కు పెట్టుకో, నా సంగతి తర్వాత అన్నాను.

మే రెండో వారంలో ఒక మంగళవారం ఆగయ్య మామను దవాఖానలో చూపించి, ఇంట్లో దింపి, కార్ఖానాకు చేరేసరికి పదకొండు దాటింది. ప్యాకింగ్ గదిలో కూర్చున్నానో లేదో కొండల్ వచ్చాడు. నడుముకు చిన్న డబ్బాలాంటి మిషన్, దాన్నుంచి సన్నటి పైపు, పైపు చివర కాలర్‌కు తగిలించిన బిళ్ల. మిషన్ సన్నగా గుర్రుమంటోంది. అదేంటని అడిగేలోపే దాన్ని తన నడుము నుంచి తీసి నా నడుముకు పెట్టి, బిళ్లను నా జాకెట్టు మెడ దగ్గర గుచ్చాడు.

"మాన్య మేడం అని ఒకామె ఇచ్చిపోయింది. ఒక్కటే ఉన్నదంట. ముక్కు కాడి దుమ్మును గుంజుతదంట. నాకెందుకు, దగ్గేది నువ్వు. నాలుగింటికి వస్తదంట, అప్పటిదాంక ఉంచుకో."

నిజం చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. పంతొమ్మిదేళ్లలో ఆ మనిషి నా గురించి అట్లా ఆలోచించడం నేను చూడలేదు. ల్యాబు వాళ్లు వచ్చే వారం వస్తారని సాబ్ చెప్పి ఉన్నాడు. వాళ్లొస్తే ఏదో పెద్ద పెట్టెలాంటిది తెచ్చి గది మధ్యలో పెడతారని నా ఊహ. ఇదేదో కొత్త రకం సామాను, పూనా వాళ్లు మెచ్చుకోవాలని సాబ్ తెప్పించి ఉంటాడు అనుకున్నాను. ఊరందరికీ తెలివి చెప్పేదాన్ని, నేనూ నమ్మాను. నాలుగింటి దాకా ఆ మిషన్ నా నడుము మీద గుర్రుమంది. దగ్గు తగ్గినట్టు కూడా అనిపించింది, నా తెలివికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. నాలుగుకు పావు తక్కువలో కొండల్ వచ్చి, నాకిచ్చినట్టు తెలిస్తే మేడం తిడుతుందని దాన్ని మళ్లీ తన నడుముకు పెట్టుకుని పోయాడు.

రిపోర్టు జూన్ మొదట్లో వచ్చింది. వాహెద్ సాబ్ అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, కాగితం చేత్తో పట్టుకుని చదివాడు. దుమ్ము హద్దులోనే ఉందట. హద్దులో సగం కూడా లేదట. పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. ఇట్లా ఇవ్వండి అని కాగితం లాక్కున్నాను. మనిషి పేరు కొండల్, పని గ్రైండింగ్ అని ఉంది. పక్కనే ఫొటో. మా ఆయన స్టూలు మీద కూర్చుని పళ్లికిలిస్తున్నాడు, నడుముకు ఆ డబ్బా, కాలర్‌కు ఆ బిళ్ల. అది గాలిని శుభ్రం చేసేది కాదు, ఆయన ఏం పీలుస్తున్నాడో పట్టుకుని చూపించేది. అది పట్టుకున్నది నా కిటికీ గాలిని, నా కూలర్ గాలిని.

కాగితం మడిచి సాబ్‌కు తిరిగిచ్చేశాను. ఆ సాయంత్రం ఆరింటికి గాలి పైపు మళ్లీ బయటికొచ్చింది. రిపోర్టు మంచిగొచ్చింది గదా వదినా, ఇంకేం ఫికర్ అన్నారు. అందరికంటే ముందు దులిపించుకున్నది మా ఆయనే.

ఇంటికి పోయేదాకా ఆగాను. వాకిట్లో బండి ఆపగానే మొదలుపెట్టాను. ఆ మిషన్ ఏమిటో, అది ఎవరి నడుము మీద ఉండాలో, ఎవరి నడుము మీద ఉందో చెప్పాను. కొండల్ బండి స్టాండు వేయడం మర్చిపోయి, దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకేం తెల్సు? దుమ్ము గుంజుతది అన్నదామె. మంచిది ఒక్కటే ఉంటే నీకు పెట్టకుంట నేను పెట్టుకుంటనా?"

నాది మిరపకాయల దగ్గయ్యా అన్నాను. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడం అలవాటైన పని కాబట్టి తిట్టాను. ప్రేమ చూపించడానికి పంతొమ్మిదేళ్లలో ఆ ఒక్క మంగళవారమే దొరికిందా అన్నాను. ఆయన చాలాసేపు తిట్లు పడ్డాడు. తర్వాత నిదానంగా, ఇప్పుడు ఇది బయటపెడితే ఏమవుతుందో ఆలోచించావా అని అడిగాడు. పూనా ఆర్డరు పోతే కార్ఖానా నడవదు. ఇంట్లో ఇద్దరి జీతాలూ అక్కడివే. మిగతా వాళ్లంతా మన ఇంటి ముందుకొచ్చి అడిగితే ఏం చెప్తావ్ అన్నాడు. తలుపు చాటున ఆగయ్య మామ ఇదంతా వింటున్నాడని మాకు అప్పుడు తెలిసింది, బిందె పట్టుకుని గడప దిగాడు కాబట్టి.

నేను బిందె అందుకోబోతే వద్దని చేయి ఊపాడు. నాలుగు అడుగులు వేసి గోడకు ఆనుకున్నాడు. ఆయన ఊపిరి వినబడుతోంది. ఇంకో నాలుగు అడుగులు వేసి మళ్లీ ఆగాడు. నల్లా చేరడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ కొండల్ ఆయన వైపే చూశాడు. తర్వాత బండికి స్టాండు వేసి, లోపలికి పోతూ అన్నాడు.

"పొద్దున సాబ్‌కు చెప్దాం."

పొద్దున ఇద్దరం ఆఫీసు గదిలోకి పోయాం. ఆ రోజు మిషన్ నా నడుముకుండె సాబ్ అని చెప్పాను. కొండల్ నా వెనక నిలబడి తప్పు తనదని అన్నాడు. వాహెద్ సాబ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. రిపోర్టు పూనాకు నిన్ననే పంపించేశానన్నాడు. ఇంత చదువుకున్న ల్యాబు పిల్ల మిషన్ పెట్టి వదిలిపెట్టి ఎట్లా పోయిందన్నాడు. తర్వాత మా ఇద్దరి మీదా గట్టిగా అరిచాడు, ఉర్దూలో, తెలుగులో. అరిచి అరిచి, మీకు నేనేం తక్కువ చేశానని అడిగాడు. ఆగయ్య పని మానేసి ఇన్నేళ్లయినా ప్రతి పండగకూ బట్టలు పంపిస్తున్నానని గుర్తుచేశాడు.

"ఆ బట్టలు తొడుక్కోనీకి కూడ మామకు ఊపిరి చాల్తలేదు సాబ్. నేనే తొడుగుతున్న."

ఆ మాట కోపంగా అనాలనుకున్నాను కానీ మామూలుగానే వచ్చింది. వాహెద్ సాబ్ కాసేపు బల్ల మీది అద్దాలను అటూ ఇటూ తిప్పాడు. బయట గ్రైండరు మొదలైన చప్పుడు వినిపించింది, కొండల్ ఇక్కడ ఉన్నాడు కాబట్టి ఇంకెవరో ఆ స్టూలు మీద కూర్చున్నారు. సాబ్ ఆ చప్పుడు వింటూ ఫోన్ తీసి మాన్యకు కలిపాడు.

మాన్య మర్నాడే వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. చెప్పినదానికంటే వారం ముందే వచ్చి, ఆ మంగళవారం ఒక్కతే మూడు కార్ఖానాలు తిరిగిందట, అందుకే మిషన్ పెట్టి వదిలి పోయిందట. తన పొరపాటు పైవాళ్లకు రాసి పంపానని చెప్పింది. ఈసారి మిషన్ కొండల్ నడుముకు పెట్టి, తను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, సరైన మాస్కు సరైన చోట పెట్టుకుని. బిళ్ల లోపల పల్చటి జల్లెడ కాగితం ఉంటుందని, దాని మీద పడిన పోగులను మైక్రోస్కోపు కింద లెక్కపెడతారని విడమరిచి చెప్పింది. కొండల్ అంతా విని మెల్లగా అడిగాడు.

"అంటే మేడం, ఇది నాకేం జెయ్యదా?"

"ఏం చెయ్యదండీ. మీరేం పీలుస్తున్నారో చెప్తుంది, అంతే."

ఆయన తల ఊపి స్టూలు మీద కూర్చున్నాడు. మాస్కు గడ్డం నుంచి ముక్కు మీదికి తనే జరుపుకున్నాడు. అది చూడడానికి నేను ప్యాకింగ్ గదిలోంచి మూడుసార్లు వచ్చాను. మూడోసారి, పని చూసుకో పో అన్నట్టు చెయ్యి ఊపాడు.

పదకొండు రెట్లు. హద్దుకు పదకొండు రెట్లని వచ్చింది రెండో రిపోర్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పూనా వాళ్లు ఆర్డరు ఆపలేదు, నెల గడువిచ్చి చిమ్నీ ఫొటో పంపమన్నారు. వాహెద్ సాబ్ మాట నిలబెట్టుకున్నాడు, కాకపోతే ఆ వారంలో కాదు, మూడో వారంలో. కంప్రెసరు పైపును కోయించి నాకే ఇచ్చాడు, ఇంట్లో నీళ్లు పట్టుకోవడానికి పనికొస్తుందని. బెల్లం మాత్రం మానలేదు. దుమ్ముకు కాదు బేటీ, నోరు తీపికి అన్నాడు. దానికి నేను ఒప్పుకున్నాను. పద్నాలుగు మందికీ దవాఖానలో ఛాతీ ఫొటోలు తీయించాడు. కొండల్ ఫొటోలో ఇప్పటికైతే ఏమీ కనబడలేదట. ఈ జబ్బుకు తొందర ఉండదు, ఏటా వచ్చి చూపించుకోండి అన్నాడు డాక్టరు.

చిమ్నీ పెట్టిన వారానికి సంచి మార్చాల్సి వచ్చింది. అప్పటికి వానలు మొదలయ్యాయి. అందరూ వెళ్లిపోయాక కొండల్, నేను మాన్య చెప్పినట్టే నీళ్లు చల్లి, పైపు నుంచి సంచిని మెల్లగా విప్పాం. నిండుగా ఉంది. ఆయన ఒక్కడే ఎత్తబోతే లేవలేదు, రెండో కొస నేను పట్టుకున్నాను. తడికి ఊపిరాడక మాస్కు గడ్డం మీదికి లాక్కున్నాడు మళ్లీ. తిడదామని నోరు తెరిచాను. ఆయన సంచి లోపలికి చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు.

"నళినీ, ఇది ఒక్క వారందే గద. ఇన్నేండ్లది యాడికి పోయినట్టు?"

నా వైపు కొసను కింద పెట్టి, ఆయన గడ్డం మీది మాస్కును ముక్కు మీదికి గుంజి, సంచి మూతి గట్టిగా కట్టమన్నాను.